మనసు విప్పి మాట్లాడితే చులకనవుతానా?

ప్రశ్న: మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. లోపల ఎలా ఉంటే బయటా అలాగే ఉండేవాడే మంచి నాయకుడని మొన్న ట్రైనింగులో చెప్పారు. నా టెన్షన్లు, భయాలు చెప్పేసుకుంటే కుర్రాళ్లు చులకనగా చూడరా? అసలే పని అంతంతమాత్రం.
– ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: టెన్షన్లన్నీ వాళ్ల ముందు కుమ్మరించక్కర్లేదండీ. తప్పు జరిగినప్పుడు పైవాళ్ల దగ్గర మీరు ఎవరి పేరు చెబుతారన్నదే వాళ్లు కనిపెట్టి చూస్తారు.

నేను ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యాను. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్కను మేం కేఎంపీఎల్ అంటాం. అది పడిపోతే డ్రైవరుకు మెమో వచ్చేది. ఒక డిపో మేనేజరు మాత్రం మెమో ఇవ్వకుండా తెల్లవారుజాము సర్వీసులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని వెళ్లొచ్చారు. దిగగానే వెనక చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశారు. కాలిపోతోంది. బ్రేకు పట్టేసి ఉంది. పై ఆఫీసు మీటింగులో ‘లోపం గ్యారేజీది, బాధ్యత నాది’ అన్నారట. ఆ మాట డిపో అంతా పాకింది. అప్పట్నుంచి డ్రైవర్లు డ్యూటీ దిగగానే మా దగ్గరికొచ్చి ‘బ్రేకు లాగేస్తోంది’, ‘పికప్ లేదు’ అని వాళ్లంతట వాళ్లే రాయించేవారు. రిపేరు చిన్నగా ఉండగానే దొరికేది. కేఎంపీఎల్ కూడా పెరిగింది.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడింది. ప్రాజెక్టు నడిపింది కలాం. విలేకరుల ముందు బాధ్యత తీసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జులైలో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక మాట్లాడమని కలాంనే పంపారు. కలామే ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పారు. గెలిచిన రోజు గురించే అందరూ మెచ్చుకుంటారు గానీ, నాకు ఓడిన రోజే గొప్పగా అనిపిస్తుంది.

మీ దగ్గర బ్యాచ్‌లో తేడా వస్తే డీవియేషన్ అని ఆ తేడాను కాగితం మీద రాస్తారు కదా. ‘ఎవడు చేశాడు’ అనకుండా ‘ఎప్పుడు గమనించావు’ అని అడగండి. క్యూఏ వాళ్లు, అంటే నాణ్యత చూసేవాళ్లు వస్తే ఆపరేటరును ముందుకు తోయకుండా మీరే మాట్లాడండి. ఇంక్రిమెంటు మీ చేతిలో లేకపోతే ఆ ఆశ పెట్టకండి. మొదట్లో డీవియేషన్లు పెరిగినట్టే కనిపిస్తాయి. కంగారుపడకండి, ఇన్నాళ్లూ దాచినవే బయటికొస్తున్నాయి. ఆ సంగతి మీ మేనేజరుకు ముందే చెప్పి ఉంచండి.