ఎన్నూరు బురదలోని ఆ చిన్న ప్రాణిని వర్ణించేముందు

తిరువాన్మియూరు, చెన్నై

చి. సాహితికి,

ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. ఎన్నూరు క్రీక్‌లో బురదగొట్టాల్లోంచి తీసిన ఆ నాలుగు మిల్లీమీటర్ల యాంఫిపాడ్ (రొయ్యల చుట్టమైన చిన్న పెంకుప్రాణి) గ్రాండిడియెరెల్లా ప్రజాతిదే (జీనస్), అనుమానం లేదు. మూడో యూరోపాడ్‌కి, అంటే తోక దగ్గరి కాలికి, ఒకే కొమ్మ ఉంది. మగదాని మొదటి గ్నాథోపాడ్‌లో (పట్టుకునే ముందు కాలు) కార్పస్ అనే ఖండం ఉబ్బి, చివర పన్ను తేలి పట్టకారులా ఉంది. ఇక జాతి కొత్తదేనని ఇంట్లో అందరికీ చెప్పేశావట. ఇంట్లో చెప్పుకుంటే నష్టం లేదు కానీ, కాగితం మీద పెట్టడానికి ఇంకా చాలా పని ఉంది తల్లీ.

ఒక ప్రాణి వింతగా కనబడినంత మాత్రాన కొత్తదైపోదు. దగ్గరి చుట్టాలందరినీ పక్కన నిలబెట్టి చూసినా తేడా తేడాగానే మిగలాలి. మన తీరానికి 1959లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం బులెటిన్‌లో నాయర్ రాసిన యాంఫిపాడ్ల పని ఉంది. చిలికా సరస్సు మీద 1921లో చిల్టన్ రాసింది ఉంది, గ్రాండిడియెరెల్లా గిలెసి అందులోదే. ఈ రెండూ దగ్గర పెట్టుకో, కానీ వీటితో ఆగిపోకు. నీ క్రీక్ పక్కనే కామరాజర్ పోర్టు, కాస్త దక్షిణానికి చెన్నై పోర్టు. ఓడల బ్యాలస్ట్ నీళ్లలోనూ, ఓడ అడుగున పట్టిన నాచులోనూ ఇలాంటివి సముద్రాలు దాటేస్తాయి. గ్రాండిడియెరెల్లా జపోనికా జపాన్ వైపుది, ఇప్పుడు అమెరికా పశ్చిమ తీరంలో కాపురం పెట్టింది. మన దేశపు కీలలో (జాతుల్ని గుర్తుపట్టే పట్టికలు) లేదు కాబట్టి కొత్తదే అనుకుంటే, ఇంకో దేశంలో ఎప్పుడో పేరు పెట్టిన దానికి మళ్లీ పేరు పెట్టినట్టవుతుంది. వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీషీస్‌లో ఈ ప్రజాతి కింద ఉన్న పేర్లన్నీ దించుకుని, ఒక్కోదాని మొదటి వర్ణన తెప్పించుకుని, పట్టిక వేసుకో. కీలో ఉన్న ఒక్క వాక్యాన్ని నమ్మకు. కీ రాసినవాళ్లు ఇంకో కీ చూసి రాసి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు గొయ్యి దగ్గరికొస్తాను. ఈ ప్రజాతిలో జాతుల్ని విడదీసేది ఎక్కువగా మగదాని మొదటి గ్నాథోపాడే. వయసుతో బాగా మారిపోయేదీ అదే. పసి మగదానిది ఆడదానిలాగే సన్నగా ఉంటుంది. కుబుసం విడిచినకొద్దీ కార్పస్ వెడల్పవుతుంది, పన్ను బయటికొస్తుంది, పక్కన చిన్న పళ్లు చేరతాయి. రెండు వయసుల మగవాటిని రెండు జాతులనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? అందుకని కనీసం పది మగవాటిని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పెట్టు. ప్రతిదానికీ శరీరం పొడవు, కార్పస్ పొడవు, వెడల్పు, పళ్ల సంఖ్య రాసుకో. ఒళ్లు పెరుగుతుంటే పళ్లూ పెరుగుతున్నాయంటే ఆ సంఖ్య నీకు లక్షణంగా పనికిరాదు. పెద్దవాటన్నిటిలో నిలకడగా ఉన్నదే పనికొస్తుంది. ఆడా మగా తేల్చడానికి గ్నాథోపాడ్ చూడకు. పొట్టవైపు తిప్పి, ఏడో పెరియోనైట్ (ఛాతీ ఖండం) కింద జత పీనైల్ పాపిల్లాలు (మగ జననాంగపు బొడిపెలు) ఉన్నాయేమో చూడు. ఆడదైతే రెండు నుంచి ఐదో జత కాళ్ల మొదట్లో ఊస్టిగైట్లు (గుడ్లు మోసే సంచి పలకలు) ఉంటాయి. వాటి అంచున పొడుగాటి సీటాలు (సన్నటి వెంట్రుకలు) వచ్చి ఉంటేనే ఈడొచ్చినట్టు.

శరీరం పొడవంటే తల ముందంచు నుంచి టెల్సన్ (తోక చివరి పలక) కొస దాకా, వీపు వంపు వెంట. ముడుచుకున్న ప్రాణికి స్కేలు అడ్డంగా పెట్టి కొలిస్తే అది పొడవు కాదు. కెమెరా లూసిడాతో (మైక్రోస్కోప్‌లో కనిపించేదాన్ని కాగితం మీద గీసుకోనిచ్చే అద్దం) గీసుకుని, గీత మీద దారం పరిచి కొలిస్తే సరిపోతుంది.

మళ్లీ సేకరించడానికి వెళ్తావు కదా, ఈసారి తెచ్చినదాన్ని రెండు భాగాలు చెయ్యి. 500 మైక్రాన్ల జల్లెడలో కడిగాక, ముందు ట్రేలో రెండు మూడు చుక్కల లవంగ నూనె, కొంచెం ఆల్కహాల్‌లో కలిపి, పొయ్యి. మత్తెక్కి ఒళ్లు సాగుతుంది. నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే ఉండలా చుట్టుకుపోతాయి, కాళ్లు ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. మత్తులో ఉన్నప్పుడే రంగు ఫొటో తీసెయ్యి, ఆల్కహాల్‌లో రంగు నిలవదు. ఒక సగం డీఎన్‌ఏ కోసం 95 శాతం పైబడిన ఇథనాల్‌లో, ఫ్రిజ్‌లో. ఇవి పెళుసెక్కి ముట్టుకుంటే కాళ్లు రాలతాయి, వర్ణనకు వీటి మీద ఆధారపడకు. రెండో సగం ఫార్మలిన్‌లో ఒకటి రెండు రోజులు, తర్వాత మంచినీళ్లతో కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి. ఫార్మలిన్ దగ్గర అందరూ తడబడే లెక్క ఒకటుంది. అంగట్లో సీసాలో వచ్చేది దాదాపు 40 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం. దాన్ని ఒక వంతు తీసుకుని తొమ్మిది వంతుల సముద్రపు నీళ్లు కలిపితే వచ్చేది పది శాతం ఫార్మలిన్, అంటే నాలుగు శాతం ఫార్మాల్డిహైడ్. పుస్తకంలో ‘నాలుగు శాతం’ అని చూసి ఫార్మలిన్‌నే నూటికి నాలుగు వంతులు పోస్తే సరిగ్గా గట్టిపడదు. చిటికెడు బోరాక్స్ కూడా వెయ్యి. లేకపోతే పులిసి పెంకులో కాల్షియాన్ని తినేస్తుంది.

ఆల్కహాల్ సీసాల్లో ఐదు శాతం గ్లిజరిన్ కలుపు. మన కత్తెర ఎండలకి మూత ఎంత బిగించినా ఆవిరవుతుంది. గ్లిజరిన్ ఉంటే సీసా ఎండినా ప్రాణి ఎండదు. లేబుల్ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తో గానీ ఇండియన్ ఇంక్‌తో గానీ. బాల్‌పెన్ను రాత ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

ఇక కోత. మొదటి సూది దించేముందు మొత్తం ప్రాణిని పక్కనుంచి గీసెయ్యి, కాక్సా (కాలి మొదటి ఖండం) పలకల వరుస, మూడు ఎపిమెరాల (పొట్ట పక్క పలకలు) వెనక మూలలు, తలమీద కంటి చోటు. విప్పాక ఇవి మళ్లీ కుదరవు. తర్వాత గుంట స్లైడ్‌లో గ్లిజరిన్ వేసి, ఒక పక్క కాళ్లే తియ్యి. రెండో పక్క ఒంటికే ఉండాలి, ఏదైనా పోతే తిరిగి చూసుకోవడానికి. టంగ్‌స్టన్ సూదులు లేకపోతే రెండు ఇన్సులిన్ సూదులు చాలు. కాలుని లాగకు. కాక్సా పైఅంచున ఉన్న సన్నటి పొరని కొసతో కోస్తే కాక్సా, మొప్పతో సహా ఊడొస్తుంది. లాగితే బేసిస్ దగ్గర తెగి, కాక్సా ఒంటికి అంటుకుపోతుంది. కాళ్లకి వరస సంఖ్యలు మర్చిపోకు. మొదటి రెండు జతలే గ్నాథోపాడ్లు, కాబట్టి నడిచే కాళ్లు పెరియోపాడ్ మూడు నుంచి మొదలై ఏడుతో ఆగుతాయి. ఖండాలు ఏ కాలికైనా ఒకే వరస: కాక్సా, బేసిస్, ఇస్కియం, మీరస్, కార్పస్, ప్రోపోడస్, డాక్టిలస్.

నోటి భాగాలకు ఒక పూట మొత్తం కేటాయించు, మధ్యలో టీకి లేచిపోకు. తలని విడదీసి, వెనకనుంచి ముందుకి రా. ముందు మాక్సిల్లిపెడ్, తర్వాత రెండో మాక్సిల్లా, మొదటి మాక్సిల్లా, కింది పెదవి, రెండు మాండిబుల్స్ (దవడలు), చివర పై పెదవి. మొదటి మాక్సిల్లా లోపలి పలక చాలా చిన్నది, కింది పెదవికి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది. అది లేదని రాసినవాళ్లలో కొందరు దాన్ని పెదవితో పాటు పారేసినవాళ్లే. మాండిబుల్స్ రెండూ గియ్యాల్సిందే. లాసినియా మొబిలిస్ (దవడలో కదిలే చిన్న పలక) ఎడమదానిలో ఒకలా, కుడిదానిలో ఒకలా ఉంటుంది. ఒకటి గీసి రెండోది అలాంటిదేనని రాయకు. మొదటి యాంటెన్నాకి అనుబంధ ఫ్లాజెల్లమ్ (పక్క కొరడా) మరీ చిన్నది, లోపలి వైపు దాక్కుంటుంది. కనిపించలేదంటే యాంటెన్నాని దొర్లించి చూడు. ఇన్ని చూశాక కూడా ఏదైనా తెగిపోయి ఉంటే ‘కనబడలేదు’ అని రాయి. పక్కవాళ్ల జాతి చూసి పూరించకు.

స్లైడ్ మీద పెట్టడంలోనే కొత్త జాతులు పుడుతుంటాయి సుమా. కవర్‌స్లిప్ బరువుకి గ్నాథోపాడ్ ప్రోపోడస్ చదునై వెడల్పవుతుంది. నువ్వేమో పొడవు వెడల్పుకి 1.4 రెట్లు అని రాస్తావు, నిజానికది 1.7. పగిలిన కవర్‌స్లిప్ ముక్కలు నాలుగు మూలలా ఆసరాగా పెట్టి, దాని మీద మూత దించు. మాండిబుల్‌కి కూడా అంతే, లేకపోతే మోలార్ (నమిలే ఉబ్బు) పక్కకి ఒరిగి కనిపించనే కనిపించదు. గ్నాథోపాడ్ ఒకవైపు వాలినా పామ్ (డాక్టిలస్ మూసుకునే అంచు) కోణం మారిపోతుంది. కాబట్టి లోపలి ముఖమా, బయటి ముఖమా చూసి, బొమ్మ కింద రాయి. నాలుగైదు ప్రాణులకి ఒకే ముఖం గియ్యి. గ్లిజరిన్ జెల్లీ చెన్నై ఉక్కకి మెత్తబడి, తేమ పీల్చి, అంచుల్లో బూజు పడుతుంది. రోజువారీ పనికి వాడుకో, అంచులకి గోళ్ల రంగు రెండు పూతలు వెయ్యి. హోలోటైప్ (పేరుకి ఆధారమయ్యే ఒక్క నమూనా) భాగాలకి మాత్రం యూపరాల్ అనే జిగురు వాడు, ఆల్కహాల్‌లో మెట్టుమెట్టుగా నీరు తీసి. ఒక కాలు మరీ చిన్నగా, సీటాలు తక్కువగా కనబడితే సంబరపడకు. తెగి మళ్లీ మొలిచిన కాలయ్యుంటుంది, రెండో పక్కది చూస్తే తెలిసిపోతుంది.

బొమ్మలు ముందు, మాటలు తర్వాత. కెమెరా లూసిడాతో 2హెచ్ పెన్సిల్, నున్నటి ట్రేసింగ్ కాగితం. కాగితం మీది వెలుగు, స్టేజ్ వెలుగు సమానంగా ఉంటేనే పెన్సిల్ మొనా, సీటా రెండూ కనబడతాయి. స్టేజ్ మైక్రోమీటర్‌ని ప్రతి ఆబ్జెక్టివ్ కిందా పెట్టి, దాని గీతల్నే కాగితం మీద గీసుకో. అదే నీ స్కేలు గీత. ‘40 రెట్లు’ అని రాస్తే పత్రికలో బొమ్మ చిన్నదవగానే అది అబద్ధం. సీటాల్ని అలంకారానికి గియ్యకు. అక్కడ పద్నాలుగుంటే పద్నాలుగే. కింది పొరలో ఉన్నవి చుక్కల గీతతో. లావుగా, గట్టిగా, మొదట్లో కీలు ఉన్నది రోబస్ట్ సీటా. పెంకే పొడుచుకొచ్చి కీలు లేకపోతే అది పన్ను. పాత వర్ణనల్లో రెంటినీ ముల్లు అనేశారు, పోల్చేటప్పుడు దీన్ని గుర్తుంచుకోకపోతే లేని తేడా పుట్టుకొస్తుంది.

రాయడం టెలిగ్రాం భాషలో. క్రియలు అక్కర్లేదు. ‘గ్నాథోపాడ్ 1: కార్పస్ పొడవు వెడల్పుకి ఇన్ని రెట్లు, కింది వెనక మూలలో ఒక పెద్ద పన్ను, పైన రెండు చిన్నవి, డాక్టిలస్ పన్నుని దాటుతుంది’. ఇంతే. పెద్దది, పొడుగైనది, కాస్త వంపు లాంటి మాటలు కొట్టెయ్యి. దేనికంటే పెద్దది? వర్ణనలో హోలోటైప్ ఒక్కదాని గురించే రాయి. మిగతా మగవాటిలో వచ్చిన తేడాలు, ఆడవాటి సంగతి వేరే పేరాల్లో. ఒకదాని తల, ఇంకోదాని కాళ్లు కలిపి ఒక ప్రాణిగా వర్ణించడం ఈ పనిలో అన్నిటికంటే చెడ్డ అలవాటు. రేపు ఆ రెండు ప్రాణులూ రెండు జాతులని తేలితే నీ పేరు దేనిదో ఎవరూ చెప్పలేరు. డయాగ్నోసిస్‌లో మిగతావాటి నుంచి విడదీసేవే నాలుగైదు లక్షణాలు చాలు. ఆడదాన్ని ఎలోటైప్ అని రాసుకోవచ్చు గానీ జంతువుల పేర్ల నియమావళిలో దానికి పేరు మోసే హోదా లేదు.

డీఎన్‌ఏకి పారాటైప్ (హోలోటైప్‌తో పాటు పేర్కొనే మిగతా నమూనా) కాళ్లు రెండు చాలు, మిగతా ఒళ్లు అలాగే దాచు. సీఓఐ జన్యువులో 658 బేస్‌లు వస్తే మంచిదే. ఆ ముక్కని పట్టే మామూలు ఫోల్మర్ ప్రైమర్లు యాంఫిపాడ్లలో తరచుగా మొండికేస్తాయి, దానికోసం వర్ణన ఆపకు.

పేరు సంగతి. గ్రాండిడియెరెల్లా స్త్రీలింగం. ఊరి పేరుకి ‘ఎన్సిస్’ చేరిస్తే పుంలింగానికీ స్త్రీలింగానికీ ఒకటే కాబట్టి గొడవ లేదు. మనిషి పేరైతే మగవాళ్లకి ‘ఐ’, ఆడవాళ్లకి ‘ఏఈ’ అక్షరాలు. నీ పేరే పెట్టుకోకూడదని నియమం ఏమీ లేదు, నవ్వుతారంతే. థీసిస్‌లో, పోస్టర్‌లో మాత్రం ఆ పేరు ఎక్కించకు. వర్ణన లేకుండా బయటికొచ్చిన పేరు దిక్కులేనిదవుతుంది. అక్కడ ‘గ్రాండిడియెరెల్లా జాతి 1’ అని ఊరుకో. 1999 తర్వాత అచ్చయ్యే పేరుకి హోలోటైప్ ఏదో, ఎక్కడ దాస్తున్నారో పేపర్లో స్పష్టంగా ఉండాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే జూబ్యాంక్ (జంతువుల పేర్ల రిజిస్టరు) నంబరు ఆ పేపర్లోనే కనబడాలి.

మన 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త టాక్సాన్ (జాతి లాంటి జీవుల వర్గం) దొరికితే నిర్దేశించిన సంస్థకు తెలియజేసి, నమూనాలు అక్కడ ఇవ్వాలి. నీకు దూరం కూడా కాదు, శాంథోం హైరోడ్డులో జూలాజికల్ సర్వే వాళ్ల మెరైన్ బయాలజీ కేంద్రం ఉంది. రిజిస్ట్రేషన్ నంబరు వాళ్ల దగ్గర తీసుకున్నాకే పేపరు పంపు. నంబరు తర్వాత చేరుస్తాంలే అంటే ప్రూఫుల్లో మర్చిపోతారు. పోలికకి విదేశాలకి నమూనా పంపాలనుకుంటే ముందు తరమణిలోని జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి సంగతి కనుక్కో.

గ్నాథోపాడ్ బొమ్మలు పది మగవాటివీ, ఒకే ముఖం, ఒకే స్కేలులో గీశాక స్కాన్ చేసి పంపు. మాండిబుల్స్ రెండూ కూడా, మోలార్ కనబడేలా. కీలకమైన ఆ పన్ను నిజంగా పెద్దవాటన్నిటిలో ఉందో లేదో అప్పుడు మాట్లాడదాం. అమ్మకి నా మాటగా చెప్పు, శుక్రవారం వస్తానని.

ఇట్లు,
పెద్దమ్మ