బంతి చేతిలో లేని గార్డ్ గురించి: ఒక యువ రచయితకు లేఖ

నమస్కారం.

మీ వ్యాసం అందింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే మైక్ కాన్లీ అనే పాత గార్డ్ (బంతి పైకి తెచ్చి ఆట నడిపే ఆటగాడు) గురించి, 2024 ప్లేఆఫ్స్‌లో అతడు మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ అనే కుర్ర జట్టులో చేసిన పని గురించి తెలుగులో ఒకరు ఇంత శ్రద్ధ పెట్టి రాయడం నాకు సంతోషం కలిగించింది. ఆ సంతోషం మూడో పేజీ దాకా నిలిచింది. మూడో పేజీలో, డెన్వర్ జట్టుతో ఆడిన సిరీస్‌లో మే 19న డెన్వర్‌లోనే జరిగిన ఏడో మ్యాచ్ విరామ సమయంలో, కాన్లీ తన జట్టు కుర్ర స్టార్ ఆంథొనీ ఎడ్వర్డ్స్ భుజం మీద చెయ్యి వేసి, "తమ్ముడూ, ఈ రాత్రి నీ షాట్ పడకపోతే పక్కవాళ్లను నమ్ము" అన్నాడని రాశారు. ఆ మాట మీకు ఎవరు చెప్పారు? ఆ గదిలో మీరు లేరు, నేనూ లేను. అతడు అలా అన్నాడని ఎక్కడైనా చదివి ఉంటే ఆ సంగతి వ్యాసంలో చెప్పి ఉండేవారు. చెప్పలేదు కాబట్టి అది మీరు కల్పించిన మాటేనని అనుకుంటున్నాను, ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణమూ అదే.

బతికున్న మనిషి నోట్లో అతడు అనని మాట పెట్టకూడదన్నది మొదటి సంగతి, దాని మీద వాదన అక్కర్లేదు. అంతకంటె నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఆ ఒక్క మాట కల్పించుకోవడంతో రెండో సగమంతా కోర్టు వైపు చూడవలసిన అవసరం మీకు తప్పిపోయింది. అనుభవజ్ఞుడు ఉపదేశం చేశాడు, కుర్రవాడు విన్నాడు, జట్టు గెలిచింది అని మూడు వాక్యాల్లో ముగించేశారు. అనుభవం ఉన్న గార్డ్ చేసే పని ఉపదేశం కాదని నేను ఎన్నో ఏళ్లుగా వాదిస్తున్నాను, ఇప్పుడు మీతోనూ అదే వాదిస్తాను. ఆ పని కాళ్లతో, చేతులతో, కళ్లతో జరుగుతుంది. ఇరవై నాలుగు సెకన్ల షాట్ క్లాక్ లోపల అతడు ఎక్కడ నిలబడ్డాడు, బంతి ఎప్పుడు అందుకున్నాడు, ఎప్పుడు వదిలాడు అన్నవాటిలోనే ఆ పాత్ర అంతా ఉంది.

ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందో మళ్లీ చూడండి. విరామానికి మిన్నెసోటా 38–53తో వెనకబడి ఉంది, మూడో క్వార్టర్‌లో ఆ తేడా 20 పాయింట్లకు చేరింది, చివరికి 98–90తో గెలిచింది. ఎడ్వర్డ్స్ వేసిన 24 షాట్లలో పడినవి ఆరే. అలాంటి రాత్రి అతడి మీదికి ఇద్దరేసి డిఫెండర్లు వస్తూనే ఉన్నారు, అతడు బంతి వదులుతూ 7 అసిస్టులు (సాటివాడి షాట్ పడేలా అందించిన పాస్‌లు) చేశాడు. అతడి సహచరులు జేడెన్ మెక్‌డేనియల్స్, కార్ల్ ఆంథొనీ టౌన్స్ చెరి 23 పాయింట్లు సాధించారు. ఎడ్వర్డ్స్ మీదికి రెండో డిఫెండర్ వచ్చిన ప్రతిసారీ కాన్లీ ఎక్కడ ఉన్నాడు, అతడిని కాస్తున్నవాడు అతడిని వదలడానికి ఎందుకు జంకాడు? మీ వ్యాసం జవాబు వెతకవలసిన ప్రశ్న ఇది. ఆ సీజన్‌లో కాన్లీ మూడు పాయింట్ల షాట్లు నూటికి 44 చొప్పున పడ్డాయి. అంత గురి ఉన్నవాడు మూలలో ఊరికే నిలబడినా అతడి డిఫెండర్ అక్కడే కట్టుబడిపోతాడు, ఆ మేరకు రింగ్ దగ్గర ఎడ్వర్డ్స్‌కు చోటు తెరుచుకుంటుంది. మీ రెండో పేజీలో "కాన్లీ మూలలో కదలకుండా నిలబడి, చేతులు మాత్రం బంతి కోసం సిద్ధంగా ఉంచుకున్నాడు" అని ఒక వాక్యం ఉంది. మీ వ్యాసం మొత్తంలో చూసి రాసిన వాక్యం అదొక్కటే, చాలా బాగుంది.

అక్కడ ఆగకుండా మీరు వెంటనే "త్యాగం" అన్న మాటకు వెళ్లిపోయారు. ఆ మాట ఎందుకు? కాన్లీ మెంఫిస్ జట్టులో పన్నెండు సీజన్లు ఆడినవాడు. అక్కడ బంతి పైకి తెచ్చే పని అతడిదే, ఆట వేగం నిర్ణయించే పని అతడిదే. 2016లో అతడు ఐదేళ్లకు 15.3 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నప్పుడు, ఆనాటికి లీగ్ చరిత్రలో అంతకంటె పెద్ద ఒప్పందం లేదు. అలాంటివాడు ముప్పై ఆరేళ్ల వయసులో, తనకంటె పద్నాలుగేళ్లు చిన్నవాడైన ఎడ్వర్డ్స్‌కు బంతి ఇచ్చి మూలకు వెళ్లాడు. ఇది ఆసక్తికరమైన విషయమే, కానీ దానికి త్యాగమని పేరు పెట్టగానే పాఠకుడు చూడటం మానేసి తల ఊపుతాడు. ఆట మొదట్లో బంతి పైకి తెచ్చేది కాన్లీయే అనీ, ఆఖరి నిమిషాల్లో అది ఎడ్వర్డ్స్ చేతికి వెళుతుందనీ, ఎడ్వర్డ్స్ ఇరుక్కుని డ్రిబుల్ ఆపేసినప్పుడు షాట్ క్లాక్ అయిపోతుండగా మూలలోంచి పరుగెత్తుకుని వచ్చి బంతి అందుకోవలసినది మళ్లీ కాన్లీయేననీ రాయండి. అది చదివినవాడికి త్యాగమో, మరొకటో తనంతట తనకే తోస్తుంది.

మిన్నెసోటా సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు, రూడీ గోబేర్ ప్రసక్తి మీ వ్యాసంలో పేరుకు మాత్రమే ఉంది. ఇది పెద్ద లోటు. అతడూ కాన్లీ 2019 నుంచి యూటా జట్టులో కలిసి ఆడారు. 2022 వేసవిలో గోబేర్ మిన్నెసోటాకు వచ్చాడు, అతడి కోసం జట్టు ఎన్నో డ్రాఫ్ట్ హక్కులు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులు) వదులుకుంది, మొదటి నెలల్లో అతడికి సరైన పాస్ అందక ఆ బేరం మీద అందరూ విరుచుకుపడ్డారు. 2023 ఫిబ్రవరిలో డాంజెలో రస్సెల్‌ను పంపి కాన్లీని తెచ్చుకున్నారు. గోబేర్ స్క్రీన్ వేసి (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడి) రింగ్ వైపు తిరిగినప్పుడు, అతడు కిందికి వంగి పట్టుకోవలసిన అవసరం లేకుండా, సరైన ఎత్తులో, ఒక అడుగు ముందుగానే బంతి రావాలి. ఆ కొలత కాన్లీకి యూటా నుంచే తెలుసు. 2023–24 సీజన్‌లో అతడి సగటు మ్యాచ్‌కు 5.9 అసిస్టులు, టర్నోవర్లు (బంతి ఎదుటి జట్టుకు పోగొట్టుకోవడం) రెండైనా లేవు. ఏడడుగుల మనిషికి పాస్ ఏ ఎత్తున ఇవ్వాలన్న పరిజ్ఞానం ఒక జట్టు సీజన్‌నే మార్చగలదని చెప్పడానికి మీ దగ్గర ఇంత సామగ్రి ఉండగా, మీరు దాన్ని వదిలేసి విరామ సమయపు సంభాషణ కల్పించారు.

నేను ఇంత గట్టిగా మాట్లాడటానికి నా కారణాలు నాకున్నాయి. జిల్లా విలేకరిగా ఉన్న రోజుల్లో రాష్ట్రస్థాయి పోటీల సెమీఫైనల్ ఒకటి చూశాను. కాలేజీ పిల్లలతో నిండిన ఒక జట్టులో రైల్వే ఉద్యోగి అయిన పాత గార్డ్ ఒకాయన ఆడారు. ఎదుటి జట్టు కోర్టు పొడవునా మీదపడి కాస్తుంటే పిల్లలు కంగారుపడి బంతి పోగొట్టుకుంటున్నారు. ఆయన మొదటి పాస్ కోసం ముందుకు రాలేదు, కోర్టు నడిమధ్యకు వెళ్లి నిలబడి రెండో పాస్ అందుకోవడం మొదలుపెట్టారు. కొద్దిసేపటికి ఆ ఒత్తిడి విరిగిపోయింది, మ్యాచ్ మన పిల్లల వైపు తిరిగింది. ఆయన చేసినవి నాలుగు పాయింట్లు. ఆ రాత్రి కూర్చుని ఆ నిలబడిన చోటు గురించే రాసి, కవర్ బస్సులో వేసి పంపాను. డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఎన్ని పాయింట్లు చేశాడని అడిగారు, నాలుగు అన్నాను, నాలుగు చేసినవాడి గురించి ఎవడు చదువుతాడని పెట్టేశారు. మర్నాడు క్రికెట్ వార్త అడుగున రెండు లైన్లు వచ్చాయి. అందులో ఎక్కువ పాయింట్లు చేసిన కుర్రవాడి పేరు, దాని మీద ఒక సినిమా డైలాగ్ శీర్షికగా పెట్టి ఉన్నాయి. ఆ పత్రిక పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ డెస్క్ పోయినా ఆ చూపు మాత్రం పోలేదు. ఇప్పటికీ మన ఆటల పేజీల్లో ప్రతి ఆటగాడూ తెర మీద హీరో ప్రవేశించినట్టే వస్తాడు. ఎవరు అందరికంటె గొప్పవాడు, ఎవరికి ఎన్ని చాంపియన్‌షిప్ ఉంగరాలు అన్న లెక్కలతోనే పేజీలు నిండిపోతాయి. కాన్లీకి ఒక్క ఉంగరమూ లేదు, ఆల్‌స్టార్‌గా ఆడింది 2021లో ఒక్కసారే, అదీ గాయపడినవాడి స్థానంలో. ఆ లెక్కల ప్రకారం అతడి గురించి రాయడానికి ఏమీ లేదు. మీరు అతడిని ఎంచుకున్నారంటే ఆ చూపు మీకు లేదన్నమాట, కాని మీ శైలి ఇంకా దాని పట్టులోనే ఉంది.

డెన్వర్ సిరీస్‌లోని ఐదో మ్యాచ్, ఆరో మ్యాచ్ మీద మీరు ఒక పేరా రాశారు. అది ఇంకా పెద్దది కావాలి, ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కుడి మడమ స్నాయువు నొప్పితో కాన్లీ ఐదో మ్యాచ్ ఆడలేదు, మిన్నెసోటా 97–112తో ఓడింది. రెండు రోజుల తర్వాత అతడు తిరిగి వచ్చాడు, జట్టు 115–70తో గెలిచింది. దీన్ని పట్టుకుని "ఒక్కడు వచ్చాడు, 45 పాయింట్ల తేడా వచ్చింది" అన్నారు. అలా అనకండి. ఐదో మ్యాచ్‌లో డెన్వర్ ఆటగాడు నికోలా యోకిచ్ ఒక్క టర్నోవర్ కూడా చేయకుండా 40 పాయింట్లు, 13 అసిస్టులు సాధించాడు. కాన్లీ ఉన్నా అతడిని ఆపేవాడు కాదు. ఆరో మ్యాచ్‌లో డెన్వర్ షాట్లు అసలు పడలేదు. కాన్లీ లేనప్పుడు మారింది ఏమిటంటే, బంతి పైకి తెచ్చే బరువు, ఇద్దరు డిఫెండర్లను ఎదుర్కొనే బరువు రెండూ ఎడ్వర్డ్స్ మీదే పడ్డాయి. ఐదో మ్యాచ్‌లో అతడు 18 పాయింట్ల దగ్గరే ఆగిపోయాడు. రెండు మ్యాచ్‌ల రికార్డింగులూ పక్కపక్కన పెట్టుకుని, బంతిని చూడటం మానేసి, మొదటి క్వార్టర్ అంతా ఐదో మ్యాచ్‌లో ఎడ్వర్డ్స్‌ను మాత్రమే, ఆరో మ్యాచ్‌లో కాన్లీని మాత్రమే చూడండి. బంతి మిన్నెసోటా చేతికి వచ్చిన ప్రతిసారీ వాళ్లు నిలబడిన చోటు కాగితం మీద గుర్తు పెట్టుకోండి. కళ్లు బంతి వెంటే పోతాయి, మొదట కష్టంగా ఉంటుంది, అయినా ఇంతకంటె మంచి పద్ధతి నాకు దొరకలేదు.

అంతకుముందు మొదటి రౌండ్‌లో, ఫీనిక్స్ జట్టుతో ఏప్రిల్ 28న అక్కడే జరిగిన నాలుగో మ్యాచ్ సంగతి మీరు పూర్తిగా వదిలేశారు. ఆ మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో కాన్లీ పక్క గీత దాటి తూలి కోచ్ క్రిస్ ఫించ్ మోకాలికి తగలడం, ఆయన మోకాలి స్నాయువు తెగిపోవడం, ఆ తర్వాత సహాయ కోచ్ మైకా నోరి గీత దగ్గర నిలబడి జట్టును నడపడం, ఫించ్ బెంచ్ వెనక వరుసలో కూర్చోవడం అన్నీ జరిగాయి. ఆ రాత్రే మిన్నెసోటా సిరీస్‌ను 4–0తో ముగించింది. 2004 తర్వాత ఆ జట్టు గెలిచిన మొదటి ప్లేఆఫ్ సిరీస్ అది. శాంతమూర్తి అయిన పెద్దన్న చిత్రానికి ఈ దుర్ఘటన పొసగదని దాన్ని పక్కన పెట్టి ఉంటారు. పొసగని దాన్ని తప్పకుండా పెట్టండి. కోచ్ గీత దగ్గర నిలబడలేని తర్వాతి సిరీస్‌లో, కోర్టు మీద ఆట నడిపే గార్డ్ మీద ఎంత భారం పడుతుందో పాఠకుడు ఆలోచించాలంటే ఆ రాత్రి గురించి తెలియాలి. సాటి ఆటగాళ్లు ఓటు వేసి ఇచ్చే ఉత్తమ సహచరుడి పురస్కారం కాన్లీకి 2019లోనూ, 2024లోనూ దక్కిందన్న విషయం కూడా వ్యాసంలో ఎక్కడా లేదు. "అందరూ అతడిని ప్రేమిస్తారు" అన్న మీ వాక్యం తీసేసి దాన్ని పెట్టండి.

పుస్తకం వేయడం గురించి, ఇతర పత్రికలకు పంపడం గురించి మీరు అడిగినవాటికి వ్యాసం ఒక రూపానికి వచ్చాక జవాబు రాస్తాను.

మీ వ్యాసం డెన్వర్ విజయంతో ముగిసింది. ఆ తర్వాతి రౌండ్‌లో డాలస్ జట్టుతో ఆడిన సిరీస్ లేకుండా ఈ పాత్ర గురించిన మాట పూర్తి కాదు. మిన్నెసోటా ఆ సిరీస్ 1–4తో ఓడిపోయింది. ఆఖరి మ్యాచ్‌లో డాలస్ గార్డులు లూకా డోంచిచ్, కైరీ అర్వింగ్ చెరి 36 పాయింట్లు సాధించారు. ముప్పై ఆరేళ్ల కాళ్లు వాళ్లను ఆపగలిగినవి కావు, ఆ మాట సూటిగా రాయాలి. అంతకంటె ముఖ్యమైనది రెండో మ్యాచ్. మిన్నెసోటా రెండు పాయింట్ల ఆధిక్యంతో ఉండగా, చివరి క్షణాల్లో ఎడ్వర్డ్స్ వేసిన పాస్ గీత దాటి బయటికి పోయింది, ఆ వెంటనే డోంచిచ్ గోబేర్ మీదుగా మూడు పాయింట్ల షాట్ వేసి 109–108తో గెలిపించాడు. ఆ క్షణంలో బంతి కాన్లీ చేతిలో ఉండవలసిందా అన్న ప్రశ్న మీ వ్యాసం వేయాలి, జవాబూ చెప్పాలి. నా జవాబు ఉండకూడదనే. రాబోయే పదేళ్లు ఆ జట్టు ఎడ్వర్డ్స్‌ది, అలాంటి క్షణాలు అతడి చేతుల మీదుగానే జరగాలి, కాన్లీని జట్టులో ఉంచుకున్నది వాటిని అతడి నుంచి లాక్కోవడానికి కాదు. ఆ సిరీస్ నాలుగో మ్యాచ్‌లోనూ జట్టు ఎడ్వర్డ్స్ మీదే ఆధారపడింది, అతడు 29 పాయింట్లు, 9 అసిస్టులు చేశాడు, డాలస్‌లో మిన్నెసోటా 105–100తో గెలిచింది. మీరు నాతో ఏకీభవించకపోతే అలాగే రాయండి, కానీ ఆ పాస్ వెళ్లినప్పుడు కాన్లీ కోర్టులో ఎక్కడ ఉన్నాడో చూసిన తర్వాతే రాయండి. తిరగరాసిన వ్యాసం ఈసారి ఆ పేజీతో మొదలుపెట్టి పంపండి.

శుభాకాంక్షలతో.