హానోయ్ బస్సు ఎక్కబోయే మా బుజ్జికి

చి.సౌ. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. దానికి గంట ముందే మీ అమ్మ ఫోన్ చేసింది. "బావగారూ, మీరైనా చెప్పండి. విమానం గంటంబావులో దింపేస్తుంటే లావోస్‌లోని వియంటియాన్ నుంచి వియత్నాంలోని హానోయ్‌కి ఇరవై నాలుగ్గంటలు బస్సులో పడి వెళ్ళడమేంటి? పెళ్ళయి ఏడాదైనా కాలేదు" అంది. నిన్ను ఆపమని నాకు చెప్పడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టేనని ఆవిడకు తోచలేదు పాపం. ముప్ఫై మూడేళ్ళు ఆర్టీసీ స్టీరింగ్ పట్టుకుని, రిటైరయ్యాక ఇంకొకడు నడిపే బస్సు ఎలా ఉంటుందో చూద్దామని పెద్దమ్మను వెంటేసుకుని ఆ బస్సే ఎక్కాను నేను. 2023 నవంబరులో సంగతి. అప్పుడు మీ అన్నయ్య బ్యాంకాక్‌లో ఉన్నాడు కదా.

కాబట్టి వద్దనను. కానీ ఆ ప్రయాణం బాగుంటుందని కూడా చెప్పను. మేం పడిన ఇబ్బందుల్లో సగం రోడ్డు వల్ల వచ్చినవి కావు, బస్సెక్కక ముందే మేం చేతులారా తెచ్చుకున్నవి. అందుకని ముందు వాటి గురించే రాస్తాను.

మొదటిది వియత్నాం ఈ-వీసా. అప్లికేషన్‌లో ఏ గేటు గుండా దేశంలోకి వస్తారో అడుగుతుంది. అన్నయ్య అలవాటు కొద్దీ హానోయ్ విమానాశ్రయం పేరు పెట్టేశాడు. మేమూ చూసుకోలేదు. రేపు బస్సనగా పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ కాగితం చదువుతూ, "ఏవండీ, ఇక్కడ ఎయిర్‌పోర్ట్ అని ఉందేంటి?" అంది. నాకు చెమటలు పట్టాయి. కొత్త అప్లికేషన్, మనిషికి మళ్ళీ 25 డాలర్లు, అది వచ్చేదాకా వియంటియాన్‌లో హోటల్ ఖర్చు, కొన్న టికెట్లు గంగలో కలిశాయి. మీరు వెళ్ళే దారిలో లావోస్ వైపు సరిహద్దు పేరు నామ్ ఫావ్, వియత్నాం వైపు కావ్ ట్రెయో. ఫారంలో ఆ రెండోదే పెట్టండి. తారీఖు కూడా లెక్క చూసుకోండి. ఇవాళ సాయంత్రం ఎక్కితే వియత్నాంలో అడుగుపెట్టేది రేపు పొద్దున. పేర్లు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. నీ పాస్‌పోర్టులో ఇంకా మన ఇంటిపేరే ఉంది. అత్తవారి ఇంటిపేరు మీద మోజుంటే శుభలేఖలో చూసుకో, ఫారంలో మాత్రం పెట్టకు. వచ్చిన వీసాను రెండేసి కాపీలు ప్రింట్ తీయించండి, ఫోన్‌లో ఉందని ధీమాగా ఉండకండి.

రెండోది టికెట్. వియంటియాన్‌లో ఒక ఏజెంటు మాకు తళతళలాడే బస్సు ఫొటో చూపించి, లోపల టాయిలెట్ ఉందన్నాడు. తీరా వచ్చిన బస్సుకీ ఆ ఫొటోకీ రంగు ఒక్కటే కలిసింది. టాయిలెట్ లేదు. అప్పటినుంచీ నా లెక్క ఏంటంటే, ఫొటో చూసి డబ్బివ్వకూడదు. ఊరికి కాస్త బయటగా సదరన్ బస్ స్టేషన్ ఉంది. ఒకరోజు ముందు వెళ్ళి, హానోయ్ వెళ్ళే బస్సు కళ్ళారా చూడండి. మర్నాడు వచ్చేది అదే బస్సు కాకపోవచ్చు, కానీ ఆ లైన్లో తిరిగేవి ఎలాంటివో తెలుస్తుంది.

బస్సు చుట్టూ ఒకసారి తిరగమను అల్లుణ్ణి. నవ్వుతారేమోనని మొహమాటపడొద్దను. టైర్లు అరిగి నున్నబడ్డాయా? ముందు అద్దం పగిలి ఉందా? రెండో డ్రైవర్ ఉన్నాడా? ఒక్కడే మొత్తం దారి నడుపుతానంటే టికెట్ డబ్బులు పోయినా దిగిపోండి. ఇది పెదనాన్నగా చెప్పే మాట కాదు, డ్రైవర్‌గా చెప్పేది. తెల్లవారుజామున మూడింటికీ ఐదింటికీ మధ్య కళ్ళు తెరుచుకునే నిద్రపోవడం ఎలాగుంటుందో నాకు తెలుసు.

ఇక లోపల. మన స్లీపర్‌లా ఇద్దరు పక్కపక్కన పడుకునే బెర్తులని అనుకునేవు. వీటిలో నిలువునా మూడు వరుసలు, కిందా పైనా రెండంతస్తులు, ఒక్కో బెర్తులో ఒక్కరే. వీపు కొంచెం ఎత్తుగా ఉంటుంది. కాళ్ళు ముందువాడి వీపు కింద ఉన్న పెట్టెలోకి దూర్చాలి. అల్లుడు ఆరడుగుల మనిషి, మోకాళ్ళు ముడుచుకునే ఉండాలి పాపం. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పమంటారు, కవరిస్తారు, అందులో వేసుకుని వెంట పెట్టుకోవాలి. మధ్య వరుస వద్దు, రెండు పక్కలా నడిచేవాళ్ళ మోకాళ్ళు తగులుతూనే ఉంటాయి. చిట్టచివర ఐదు బెర్తులు కలిసి ఉంటాయి. పక్కపక్కనే ఉండొచ్చని కొత్త జంటలు సంబరంగా అక్కడికే పోతారు. పోకండి. వెనక చక్రాలు దాటి ఉన్న భాగం కాబట్టి ప్రతి గుంతకీ అక్కడి మనిషే ఎక్కువ ఎగురుతాడు. పైగా కింద ఇంజను వేడి. పై బెర్తులో ఊపు ఎక్కువ. కొండ మలుపులు మొదలయ్యాక అది తెలుస్తుంది. కింది అంతస్తు, మధ్య భాగం, కిటికీ వైపు, ఒకరి వెనక ఒకరు. మీ ఇద్దరికీ అవే మంచివి. నువ్వు మారేడుమిల్లి ఘాట్‌లో ఏం చేశావో నాకింకా గుర్తుంది. సరిహద్దుకు ముందొచ్చే లాక్ సావ్ ఊరు దాటాక ఎక్కే ఘాట్ దానికి అన్నలాంటిది. వాంతుల మాత్ర ఎక్కేముందే వేసుకో, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకున్నా లాభముండదు.

నడవాలో బస్తాలు, అట్టపెట్టెలు వేస్తారు. వాటిమీద మనుషులు కూడా పడుకోవచ్చు. మన పల్లెవెలుగులో మామిడికాయల గంపలు ఎక్కించుకున్నవాడిగా నేనేమీ అనలేకపోయాను. పాస్‌పోర్టులు, డబ్బు ఉన్న చిన్న సంచి నడుముకి కట్టుకుని పడుకోండి, కాళ్ళ దగ్గర పెట్టకండి.

టాయిలెట్ సంగతి నేను రాయబోతే పెద్దమ్మ కలం లాక్కున్నంత పని చేసింది. ఆవిడ చెప్పమన్నది ఇది: వదులైన పొడుగు లంగా వేసుకో, జీన్స్ వద్దు. ఒక గొడుగు పెట్టుకో, రోడ్డు పక్కన ఆపినప్పుడు అదే నీ గది. బస్సు ఎక్కడ ఆగినా, అవసరం ఉన్నా లేకపోయినా దిగు. నీళ్ళు మానేయకు, తగ్గించుకో. ఆవిడ చెప్పనిదీ నేను చెప్పాల్సిందీ ఒకటుంది. చాటు కోసమని లావోస్‌లో పొదల్లోకి దూరంగా పోవద్దు. 1964 నుంచి 1973 దాకా ఆ దేశం మీద అమెరికా విమానాలు 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేశాయి. పేలనివి ఇప్పటికీ మట్టిలో ఉన్నాయి. కాలిబాట దాటి వెళ్ళకూడదన్నది అక్కడి పిల్లలకు బడిలో నేర్పే సంగతి. రోడ్డంచునే కానివ్వండి, సిగ్గు తర్వాత.

బస్సు సాయంత్రం బయల్దేరుతుంది. పదమూడో నంబరు రోడ్డు మీద కుడిపక్క మెకాంగ్ నది, అవతలి ఒడ్డున థాయిలాండ్ దీపాలు అక్కడక్కడా కనబడతాయి. థాయిలాండ్‌లో మనలాగే ఎడమ పక్క నడుపుతారు, లావోస్, వియత్నాంలలో కుడి పక్క. బస్సు తలుపు కుడివైపు ఉంటుంది. నిద్రమత్తులో దిగి రోడ్డు దాటేటప్పుడు మన అలవాటు చొప్పున కుడివైపే చూశావో అంతే. ముందు ఎడమవైపు చూడాలి. నేనే రెండుసార్లు పొరబడ్డాను, అది కూడా పెద్దమ్మ కళ్ళ ముందు.

అసలు పరీక్ష సరిహద్దు దగ్గర. బస్సు రెండు, మూడింటికల్లా అక్కడికి చేరిపోతుంది. గేటు తెరిచేది పొద్దున ఏడింటికి. ఇంజన్ ఆపేస్తారు. కొండ మీద మంచు, చలి. కిందేమో ఉక్క, పైకొచ్చాక వణుకు. వాళ్ళిచ్చే దుప్పటి టవల్‌కి ఎక్కువ, రగ్గుకి తక్కువ. మంకీ క్యాప్, స్వెట్టర్, సాక్సులు లగేజీ డిక్కీలో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి. మేం డిక్కీలో వేశాం. పెద్దమ్మ నా చొక్కాలు రెండు తలకు చుట్టుకుని కూచుంది.

నిద్ర పట్టక నేను కిందికి దిగాను. లైటు వెలుగులో మంచు పొగలా పోతోంది. డ్రైవర్, నా వయసు కాదు, నలభై ఉంటాయేమో, ఇనప రాడ్డుతో ఒక్కో టైరునీ కొట్టి చెవి పెట్టి వింటున్నాడు. లోపలి జత టైరు దగ్గర శబ్దం మొద్దుగా వచ్చింది, గాలి తగ్గిందన్నమాట. నేను వేలు చూపించి తల అడ్డంగా ఊపాను. అతను నన్నోసారి ఎగాదిగా చూసి, మళ్ళీ కొట్టి విని, ఏదో అన్నాడు. నేను గాల్లో స్టీరింగ్ తిప్పి చూపించాను. పకపకా నవ్వి ఫ్లాస్కులోంచి పాలూ చక్కెరా లేని టీ పోసిచ్చాడు. చేదు విషం. తర్వాత ఎక్కడ బస్సు ఆగినా "ఎక్కావా?" అన్నట్టు నా బెర్తు వైపు చూసి గానీ బండి తీసేవాడు కాదు. కాబట్టి ఎక్కగానే డ్రైవర్‌కీ క్లీనర్‌కీ ఓ నవ్వు నవ్వి దణ్ణం పెట్టండి. భాష రాదు కదా అని ముఖం ముడుచుకుని కూచుంటే మిమ్మల్ని లెక్కపెట్టుకునేవాడు ఉండడు.

గేటు తెరిచాక అందరూ దిగి, లావోస్ వైపు ముద్ర వేయించుకుని, అవతలి ఆఫీసుకి నడవాలి. బ్యాగులు మీరే మోసుకోవాల్సి రావచ్చు, అందుకే ఒక్కొక్కరికి ఒక్క బ్యాగు చాలు. బస్సు విడిగా వస్తుంది. అక్కడ ఒకేలాంటి బస్సులు నాలుగైదు ఉంటాయి. దిగేముందు నంబరు ప్లేటు ఫొటో తీసుకోండి. కొన్నిసార్లు పాస్‌పోర్టులన్నీ ఒకరు పోగుచేసి కౌంటర్లో ఇస్తారు. టెన్షన్ పడొద్దు, కానీ ఆ కట్ట ఏ కిటికీలోకి వెళ్ళిందో చూపు తిప్పకుండా చూడండి. చేతికొచ్చాక ముద్రలో తారీఖు చదవండి. చిన్న నోట్లు కొన్ని ఉంచుకోండి. మిగిలిన లావోస్ కిప్పులు అక్కడితో సరి, అవి ఆ దేశం దాటితే మార్చేవాడు దొరకడం కష్టం. బిస్కెట్లో, నీళ్ళో కొనేసి ఖర్చుపెట్టండి.

వియత్నాం డబ్బు గురించి ఒక్క మాట. డాలర్‌కి 25 వేలకు పైనే డాంగ్‌లు, అందరూ లక్షాధికారులే. చిక్కల్లా 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలంగా ఉండటంలో ఉంది. అలసిపోయి ఉన్నప్పుడు, మసకవెలుతురులో ఒకటనుకుని ఇంకోటి ఇచ్చేస్తారు. 5 లక్షలవి విడిగా పెట్టుకోండి.

తిండి. మీరిద్దరూ శాకాహారులు, ఆ దేశమంతా చేపల సాసు. "ఆన్ చాయ్" అంటే మాంసం తినం అని. పలకడం చేతకాకపోతే ఫోన్‌లో రాసి చూపించండి. అమావాస్య వెళ్ళిన పాడ్యమికీ పౌర్ణమికీ అక్కడ చాలామంది బౌద్ధులు మాంసం ముట్టరు, ఆ రోజుల్లో దొరకడం తేలిక. మిగతా రోజుల్లో బస్సు ఆగిన హోటల్లో అన్నం, ఉడికించిన ఆకుకూర దొరుకుతాయి. వియంటియాన్‌లో ఎక్కేముందు వెదురు బుట్టలో అమ్మే జిగట అన్నం రెండు పొట్లాలు కొనుక్కోండి. చల్లారినా ముద్దకడుతుంది, చేతికి పెద్దగా అంటదు. మేం దాన్ని మీ నాన్నమ్మ చేసే కారప్పొడిలో అద్దుకుని తిన్నాం. పక్క బెర్తు అమ్మాయి అడిగి పెట్టించుకుంది, ఆ తర్వాత అరలీటరు నీళ్ళు తాగింది.

కొండ దిగితే హా టిన్ ప్రావిన్సు, ఆ తర్వాత విన్ నగరం. వియత్నాం జాతినేత హో చి మిన్ పుట్టిన ఊరు దానికి దగ్గర్లోనే. హానోయ్‌కి అక్కణ్ణుంచి ఇంకా 300 కిలోమీటర్లు. ఒళ్ళు సహకరించకపోతే అక్కడే దిగిపోండి. రాత్రి పడుకుని మర్నాడు రైలెక్కండి. పంతానికి పోయి బస్సులో కూచుంటే ఎవరూ పతకం ఇవ్వరు. సరిగ్గా ఈ ముక్క మీదే, పదహారో గంటలో, మేమిద్దరం మాటామాటా అనుకున్నాం. విన్ నుంచి మూడు గంటలు పలకరింపులు లేవు. మీకూ ఆ గంట వస్తుంది. కాగితాలు ఒకరు చూసుకోండి, తిండీ మందులూ ఇంకొకరు. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకండి. "నేను ముందే చెప్పాను" అన్న మాట హోటల్ గది తలుపేసుకున్నాక అనుకోవచ్చు.

హానోయ్ దక్షిణాన నూక్ ఙామ్ అనే స్టేషన్ దగ్గర దింపుతారు. దిగగానే టాక్సీవాళ్ళు ముసురుకుంటారు. బ్యాగు ఎవరి చేతికీ ఇవ్వకండి. టాక్సీ పిలిచే గ్రాబ్ యాప్ ఇక్కడే వేసుకుని, హోటల్ చిరునామా వియత్నాం భాషలో ఫోన్‌లో దాచుకోండి. మొదటి రాత్రికి మాత్రం ఓల్డ్ క్వార్టర్ అనే పాత బజారులో గది ముందే బుక్ చేసుకోండి. ఆ ఒక్క రాత్రి బేరాలాడే ఓపిక ఉండదు.

వాళ్ళ కొత్త సంవత్సరం టెట్ పండగ జనవరి చివరికీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎప్పుడో వస్తుంది. ఆ వారం ముందూ వెనకా ఈ బస్సు వద్దు. సంక్రాంతికి ఎంజీబీఎస్ ఎలా ఉంటుందో చూశావుగా.

హానోయ్‌లో సాయంత్రం ఆరైతే మనకు నాలుగున్నర. దిగగానే ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు. బస్సు ఎలా ఉందో, లోపలి జత టైర్లు చూశారో లేదో నాకు విడిగా చెప్పు.

మీ పెదనాన్న

తా.క.: గొడుగు నల్లదే కొనుక్కోమంటోంది పెద్దమ్మ. పువ్వులది పల్చగా ఉంటుందట.