మంచు నెలల్లో ట్రయథ్లాన్ సాధన

ప్రశ్న: మేముండే చోట ఏడాదిలో ఐదు నెలలు రోడ్ల మీద మంచు ఉంటుంది. వచ్చే వేసవిలో ఒలింపిక్ దూరం ట్రయథ్లాన్ (1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైక్లింగ్, 10 కిలోమీటర్ల పరుగు) పూర్తి చేయాలని నా కోరిక. ఇంట్లో ట్రైనర్‌కు (సైకిల్‌ను ఉన్నచోటే నిలిపి తొక్కనిచ్చే స్టాండుకు) సైకిల్ బిగించి తొక్కుతుంటే అరగంటకే ఒళ్లంతా చెమటలు పట్టి దిగిపోతున్నాను. ఈ చలికాలం వృథా అయినట్లేనా?

జవాబు: ఎంతమాత్రం కాదు. మీరు అరగంటకే దిగిపోవడానికి కారణం ఓపిక చాలకపోవడం కాదు, గాలి ఆడకపోవడం. రోడ్డు మీద ఎదురుగాలి చెమటను ఎప్పటికప్పుడు ఆరబెట్టి ఒంటిని చల్లబరుస్తుంది; కదలని సైకిల్ మీద ఆ వీలు లేక ఒంటి వేడి పెరిగి, అదే శ్రమకు గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. గదిలో హీటర్ ఆపి, పెద్ద ఫ్యాన్‌ను ఛాతీకి ఎదురుగా పెట్టుకోండి. పది నిమిషాలు మెల్లగా తొక్కాక, ఐదు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు తేలికగా, ఇలా ఐదు విడతలు చేస్తే ముప్పావుగంట తెలియకుండానే గడుస్తుంది.

పరుగుకు మాత్రం బయటికి వెళ్లవచ్చు. మొదట ఎదురుగాలిలో వెళ్లి, తిరుగు దారిలో గాలి వీపున తగిలేలా చూసుకోవాలి. లేకపోతే చెమటతో తడిసిన ఒంటికి చలిగాలి కొట్టి వణుకు పుడుతుంది. చెమటను పీల్చి తడిగా ఉండిపోయే నూలు బనియను ఒంటికి ఆనించి వేసుకోకండి. మంచు గడ్డకట్టి గాజులా మెరుస్తున్న రోజున ట్రెడ్‌మిలే మేలు. చలిలో పరుగెత్తేటప్పుడు పిల్లికూతలు వస్తుంటే, ముక్కుకూ నోటికీ మఫ్లర్ చుట్టుకుని సరిపెట్టుకోకుండా డాక్టరును కలవండి.

నన్నడిగితే ఈ ఐదు నెలల్లో ఎక్కువ రోజులు ఈతకే ఇవ్వమంటాను, ఎందుకంటే ఈతలో బలం కన్నా పద్ధతే ముఖ్యం, పద్ధతి కుదరడానికి నెలలు పడుతుంది. పైకప్పు ఉన్న పూల్‌లో ఒక చివరి నుంచి మరో చివరికి ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెట్టుకోండి. వేగం తగ్గకుండా ఆ లెక్క ఒకటి రెండు తగ్గినా అది నిజమైన ప్రగతి.

అయితే పూల్‌లో సాధించిన నమ్మకంతో వసంతం రాగానే చెరువులో దూకకండి. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. చన్నీళ్లలో దిగిన మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి మన అదుపులో ఉండదు. వెట్‌సూట్ (ఒంటి వేడిని కాపాడే రబ్బరు ఈత దుస్తులు) వేసుకుని, తోడుగా మరొకరు ఉండగా మెల్లగా దిగి, ముఖం తడుపుకుని, ఊపిరి కుదుటపడ్డాకే మొదటి బార వేయండి. గట్టెక్కాక కూడా కాసేపు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది కనుక, పొడి బట్టలూ ఉన్ని టోపీ ఒడ్డున చేతికందేలా ఉంచుకోండి.