హాస్టల్ రూమ్‌లో ల్యాప్‌టాప్ బ్యాకప్‌కి ఏది సరిపోతుంది?

హాస్టల్‌లో ఉంటున్నా, నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించి పెట్టే స్టోరేజ్ పెట్టె) కొనాలా లేక హార్డ్ డిస్క్ సరిపోతుందా అని అడిగారు కదా. నాస్ వద్దండి, రూమ్ చిన్నది, పైగా చాలా హాస్టల్ నెట్‌వర్క్‌లలో సొంత రౌటర్లూ సర్వర్లూ పెట్టనివ్వరు. ల్యాప్‌టాప్ స్టోరేజ్‌కి రెండింతలుండే ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి తీసుకోండి, అందులోనే ఉండే బ్యాకప్ సదుపాయం, అంటే మ్యాక్ అయితే టైమ్ మెషీన్, విండోస్ అయితే ఫైల్ హిస్టరీ, ఆన్ చేస్తే డిస్క్ తగిలించి ఉన్నంతసేపు గంటకోసారి అదే కాపీ చేసుకుంటుంది.

కానీ ఆ డిస్క్‌ని ల్యాప్‌టాప్ బ్యాగ్‌లోనే పెట్టకండి ప్లీజ్, దొంగ ఎత్తుకెళ్తే రెండూ పోతాయి, పని అయ్యాక తీసేసి బీరువాలో పెట్టి తాళం వేయండి, అలా తీసేస్తే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లని లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) ల్యాప్‌టాప్‌లోకి వచ్చినా డిస్క్ జోలికి రాదు. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ కూడా పెట్టండి, అప్పుడు పాస్‌వర్డ్ లేకుండా అందులోవి ఎవరూ చదవలేరు.

థీసిస్, ప్రాజెక్ట్ కోడ్ లాంటివి మాత్రం క్లౌడ్‌లో కూడా ఉండాలి. గూగుల్ డ్రైవ్ ఫ్రీగా ఇచ్చే 15 జీబీలోనే జీమెయిల్, ఫొటోలూ కలిసి ఉంటాయి, అయినా డాక్యుమెంట్లకి చాలు. ఒకటి గుర్తుంచుకోండి, సింక్ (ల్యాప్‌టాప్‌లోనూ క్లౌడ్‌లోనూ ఫైళ్లు ఒకేలా ఉంచడం) అంటే బ్యాకప్ కాదు, ల్యాప్‌టాప్‌లో ఫైల్ డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా పోతుంది, ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. యూనివర్సిటీ అకౌంట్‌ని నమ్ముకుంటే చదువు అయిపోయాక వాళ్లు దాన్ని క్లోజ్ చేసేసే అవకాశం ఉంది. నెలకోసారి ఏదో ఒక ఫైల్ డిస్క్ నుంచి రీస్టోర్ చేసి తెరుచుకుంటుందో లేదో చూడండి.