సమాధానం: నా తప్పులు నాకు కనపడవు, ఇతరులవి దిద్దితే కోపం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉగాది సంచిక పని మీమీద పడిందనీ, సొంత కథలో తప్పులు కనపడవనీ, ఇతరుల వ్యాసాలు దిద్దితే అలుగుతున్నారనీ రాశారు. రెండిటికీ మందు వేరండీ.

మీ కథను కనీసం మూడు రోజులు ముట్టుకోకండి. రాసిన వెంటనే చదివితే కాగితం మీద ఉన్నది కాక మనసులో ఉన్నదే కనిపిస్తుంది. తర్వాత వరసకు వరసకు ఎడం వదిలి ప్రింటు తీసి, పైకి చదవండి. ఊపిరి చాలని చోట వాక్యం విరగ్గొట్టాలి. ముందు కథనం, ఆపైన వాక్యాలు, చివరికి అక్షరాలు. కొట్టేయబోయే పేరాలో ఒత్తులు దిద్దుకుంటూ కూర్చోవడం దండగ.

'యొక్క'లు వెతికి తీసేయండి. 'సభ నిర్వహించడం జరిగింది' అంటే ఎవరు చేశారో దాచినట్టే. 'సంఘం సభ పెట్టింది' చాలు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊళ్లో గ్రాంథికపు 'చెప్పెను', వాడుక 'చెప్పాడు' ఒకే పేజీలో కలిస్తే బాగుండదు కదా!

ఒడియా మీడియంలో చదివినవాళ్ల రాతలో హ్రస్వదీర్ఘాలు ప్రత్యేకంగా చూడండి. ఒడియా పలుకులో ఇ-ఈ, ఉ-ఊ తేడా వినిపించదు. 'కుడి', 'కూడి' రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటరు పట్టుకోదు.

ఇతరుల అసలు ప్రతి అలాగే ఉంచి, నకలు మీద పెన్సిల్ పెట్టండి. అక్షరదోషమైతే దిద్దేయండి. వాక్యం మార్చాలనిపిస్తే పక్కన సూచన రాయండి. అర్థం కాకపోతే ప్రశ్న వేయండి, ఊహించి పూరించకండి. సంభాషణల్లో 'ఏటి' (ఏమిటి), 'గుంట' (పిల్ల) లాంటి యాస మాటలు ఉంటే ముట్టుకోవద్దు. అలకలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.