జనానా కాపలాదారులేనా? మదీనాలో నేను చూసింది

పూర్వపు ముస్లిం రాజ్యాల్లో ఖోజాలు, అంటే వృషణాలు తీసేసిన మగ బానిసలు, జనానా (రాణివాసం) కాపలాకే పనికొచ్చేవారా అని ఒకరు అడిగారు. మదీనా వెళ్లేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

2009లో నాన్నతో కలిసి ఉమ్రాకు (మక్కా యాత్రకు) వెళ్లాను. మదీనాలోని ప్రవక్త మసీదు, మస్జిదె నబవీలో ప్రవక్త సమాధి ఉన్న గది వెనక మోకాలెత్తు అరుగు ఒకటి ఉంది. అక్కడ నమాజు చేసి కూర్చుంటే, పక్కనున్న హైదరాబాదు పెద్దాయన "ఇది ఆఘాలు, అంటే ఈ మసీదును చూసుకునే ఖోజాలు, కూర్చునే అరుగు" అని చెప్పి, దూరంగా వెళుతున్న ఒక ముసలాయనను చూపించారు. పొడవాటి మనిషి, తెల్ల తలపాగా. ఆ గది తాళాలు తరతరాలుగా ఆఘాల చేతిలోనే ఉండేవట. 1326లో అక్కడికి వెళ్లిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా కూడా ఈ హబ్షీ (అబిసీనియా) ఖోజాల గురించి రాశాడు.

ఇంటికి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. ఈజిప్టును 946 నుంచి 968లో చనిపోయేదాకా నడిపించిన కాఫూర్ ఖోజాయే. ఆ పేరుకు అర్థం కర్పూరం. నల్లటి బానిసకు ఆ పేరు పెట్టారు, యజమానుల సరసం అలా ఉండేది! మన ఓరుగల్లు కోటను ముట్టడించి 1310లో ప్రతాపరుద్రుడి చేత కప్పం కట్టించుకున్న ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ కూడా ఖంభాత్‌లో పట్టుబడిన బానిసే. ఒట్టోమాన్ సుల్తానుల ఇస్తాంబుల్‌లో అంతఃపుర పెద్ద ఖోజా పని తలుపు దగ్గర నిలబడటం కాదు. మక్కా మదీనాల వక్ఫు (ధర్మానికి రాసిచ్చిన) ఆస్తుల అజమాయిషీ ఆయనదే. బెషీర్ ఆఘా 1717 నుంచి 1746 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

ఇంత నమ్మకం ఎందుకంటే, పిల్లలు ఉండరు, అండగా కులమూ చుట్టమూ ఉండరు. కొడుక్కి గద్దె కట్టబెడతాడన్న భయం లేదు. ఆ నమ్మకానికి మూల్యం చెల్లించింది మాత్రం చిన్నపిల్లలు. వృషణాలు తీయడం షరియత్‌లో నిషిద్ధం. కాబట్టి ఆ పని సరిహద్దుల అవతల, ఎక్కువగా పరమతస్థుల చేత జరిగిపోయేది. కోతకు తట్టుకోలేక చనిపోయినవాళ్లెందరో. కొనుక్కున్నవాళ్లు చేతులకు మట్టి అంటలేదనుకున్నారు. ఇది నాకు మింగుడుపడదు.

ఇంకొకటి, వీళ్లను హిజ్రాలతో కలపకండి. వాళ్ల కథ వేరు.

మన ఊళ్లలో తిట్టుగా వాడే "కొజ్జా" కూడా ఈ ఖోజాయే. దాని మూలం ఖ్వాజా, అంటే దొరగారు. చిన్నప్పుడు క్రికెట్‌లో క్యాచ్ వదిలేసినవాణ్ణి మేమూ ఆ మాటే అనేవాళ్లం. మదీనాలో ఆ ముసలాయన దగ్గరగా వచ్చినప్పుడు మాత్రం నాన్న లేచి నిలబడి సలాం చేశారు.